జనవరి అమావాస్యకు ఎటు పోదాం: కావలూరా, మేడ మీదేనా?

మేడమీది దుర్భిణి
జనవరి 4, ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని అక్టోబరు నుంచి మన టెలిస్కోపులన్నీ అటకెక్కి కూర్చున్నాయి. దిత్వా తుఫాను వెళ్ళిపోయాక కూడా మద్రాసు ఆకాశం వెంటనే తేరుకోలేదు. ఇప్పుడిప్పుడే తెరిపిస్తోంది. నిన్న పున్నమి చంద్రుడి పక్కనే గురుడు ధగధగా వెలుగుతుంటే విల్లివాక్కంలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ "అదేంది సార్, విమానం అక్కడే నిలబడిపోయిందా" అని అడిగాడు.

ఈ నెల, అంటే 2026 జనవరి, సంగతులు ముందు. పదో తేదీన గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు. పొద్దుగుంకగానే తూర్పున లేచి తెల్లవార్లూ ఉంటాడు. దూరం దాదాపు 63 కోట్ల కిలోమీటర్లు, ఇంతకన్నా దగ్గరికి ఈ ఏడాది రాడు. చిన్న టెలిస్కోపులో కూడా రెండు పట్టీలు, నాలుగు చందమామలు కనిపిస్తాయి. శని పడమటికి దిగుతున్నాడు. వలయాలు ఇంకా గీత గీసినట్టే ఉన్నాయి. పోయిన మార్చిలో అవి మనకు అంచు చూపించాయి కదా, మళ్ళీ విప్పారడానికి టైము పడుతుంది. శుక్రుడు, కుజుడు సూర్యుడి వెనక్కి పోయారు. కాబట్టి ఈ నెలలో "గ్రహాల కవాతు" అంటూ ఎవరైనా వాట్సాప్‌లో పంపితే పక్కన పెట్టండి.

ఇక అసలు విషయం. అమావాస్య 18, ఆదివారం. 17 శనివారం రాత్రి ఊరి బయటికి పోదామని ఆలోచన. కావలూరు వైపు జవ్వాది కొండలు ఒకటి, మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఒకటి. రాలేనివాళ్ళకు నా మేడ ఎప్పుడూ ఉంది, కాఫీ మా ఆవిడ హామీ. ఎవరేమంటారు?


సూళ్ళూరుపేట అల్లుడు
జనవరి 4, ఆదివారం రాత్రి

అన్నా, పండగ మరిచిపోయారా? 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఆ మర్నాడే కొండెక్కుతానంటే మా అత్తగారు ఊరుకోవాలి గదా. పైగా 17న ఇక్కడ కాణుం పొంగల్. ఊళ్ళకు పోయినవాళ్ళందరూ ఆదివారం తిరుగుముఖం పడతారు, శ్రీపెరంబుదూరు దగ్గర బండి ఇంచు కదలదు.

నన్నడిగితే పులికాట్ గట్టు మేలు. లోకల్ ట్రైనెక్కితే సూళ్ళూరుపేట, అక్కడ మా అత్తగారిల్లు. జనవరిలో ఫ్లెమింగోలు బోనస్. డిసెంబర్ 24న శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 ఎగిరినప్పుడు అక్కడే ఉన్నాను. 6,100 కిలోల బ్లూబర్డ్ ఉపగ్రహం, మన నేల మీద నుంచి పోయినవాటిలో అంత బరువైంది ఇంకోటి లేదు. దారిలో ఎదురయ్యే శకలాల నుంచి తప్పించుకోవడానికని ప్రయోగాన్ని 90 సెకన్లు వెనక్కి జరిపారు. ఆ నిమిషంన్నర టెన్షన్ చూడాలి, మేడల మీద నిలబడ్డ ఊరంతా ఫోన్లు పైకెత్తి బిగదీసుకుపోయింది. నిప్పు కనిపించాక ఒక నిమిషం దాకా చప్పుడే లేదు. తర్వాత మొదలైంది, కిటికీ అద్దాలు, వంటింట్లో గిన్నెలు, అన్నీ కలిసి వణికాయి. మా బావమరిది కూతురు చెవులు మూసుకుని నవ్వుతూనే ఉంది.


లెక్కల మాస్టారు
జనవరి 5, సోమవారం ఉదయం

అల్లుడుగారూ, ఆ నిమిషం ఆలస్యం వెనక మన ఊరికి ఓ చరిత్ర ఉంది. మద్రాసు అబ్జర్వేటరీలో గోల్డింగ్‌హామ్ అనే ఆయన 1820 ప్రాంతంలో, సెయింట్ జార్జి కోటలోనూ సెయింట్ థామస్ మౌంట్‌లోనూ పేల్చే ఫిరంగుల మెరుపు చూసి, చప్పుడు చేరేదాకా సెకన్లు లెక్కపెట్టి ధ్వని వేగం కొలిచాడు. గాలిలో వేడి, తేమ మారితే వేగం ఎలా మారుతుందో కూడా రాసిపెట్టాడు. ఈసారి రాకెట్ పోయినప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకోండి, మీకే తెలుస్తుంది షార్ (శ్రీహరికోట ప్రయోగ కేంద్రం) ఎంత దూరమో.

కానీ చుక్కల కోసం పులికాట్ వద్దు. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగితే కనిపించేది మద్రాసు వెలుగే. ఈసారి నేను చూడాలనుకుంటున్నది దక్షిణాన్నే ఉంది.

చింతామణి రఘునాథాచారి పేరు ఎంతమంది విన్నారు? పంచాంగాలు గణించే కుటుంబం. కుర్రవాడిగా ఉండగానే నుంగంబాక్కంలోని అబ్జర్వేటరీలో పనికి చేరి, ప్రధాన సహాయకుడి దాకా ఎదిగారు. 1867లో రెటిక్యులం అనే చిన్న దక్షిణ నక్షత్ర మండలంలో ఒక చుక్క వెలుగు పెరిగి తరుగుతోందని గుర్తించారు. ఇవాళ దాని పేరు ఆర్ రెటిక్యులి. భారతీయుడు కనిపెట్టిన తొలి వేరియబుల్ స్టార్ అదేనని చెబుతారు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో టెలిస్కోపులు పెడితే, ఆచారిగారి బృందం మన వనపర్తి వెళ్ళింది. సూర్యుడి వెలుగులో హీలియం జాడ పట్టిన కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. గుంటూరు పేరు అందరూ చెబుతారు, వనపర్తి మాట ఎవరూ ఎత్తరు.

ఆ చుక్కను మనం ఒకసారి చూడాలి. ఇది నా కోరిక.


ఈసీఆర్ కుర్రాడు
జనవరి 5, సోమవారం మధ్యాహ్నం

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది కానీ ఒక్క చుక్క కోసం రెండొందల కిలోమీటర్లు పోవాలా? అది కూడా చుక్కలాగే కనిపిస్తుంది కదా. ఓరియన్ నెబ్యులా (వాయు మేఘం) ఫొటో తీద్దాం, పిల్లలకోడి (కృత్తికలు) తీద్దాం, పాలపుంత తీద్దాం. 2024 అక్టోబరులో సుచిన్‌షాన్ అట్లాస్ తోకచుక్కను బెంగళూరువాళ్ళు ఎంత అందంగా పట్టారు! మన దగ్గర నుంచి చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటి లేదు. పోయిన నెల 3ఐ అట్లాస్ వచ్చి వెళ్ళింది, సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిందని తేలినవాటిలో మూడోది. దాన్నీ వదిలేశాం.


మేడమీది దుర్భిణి
జనవరి 5, సోమవారం మధ్యాహ్నం

3ఐ అట్లాస్ మనకు అతి దగ్గరికి వచ్చినప్పుడే, అంటే డిసెంబర్ 19న, దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది బాబూ. పెద్ద టెలిస్కోపులోనే మసక మచ్చ. దాని మీద వచ్చిన గ్రహాంతరవాసుల కథలకు ఉన్న వెలుగు దానికి లేదు. మీరేం పోగొట్టుకోలేదు.


లెక్కల మాస్టారు
జనవరి 5, సోమవారం రాత్రి

కుర్రాడి ప్రశ్న మంచిదే. ఫొటో అందంగా ఉంటుంది, నేనూ చూసి సంతోషిస్తాను. కానీ ఓరియన్ నెబ్యులాకు ఈ వారం మన ఫొటో ఒకటి తక్కువైతే నష్టపోయేవాళ్ళు లేరు. వేరియబుల్ స్టార్ అలా కాదు. ఫలానా రాత్రి అది ఎంత వెలుగుందో ఆ రాత్రి చూసినవాడే చెప్పాలి. ఎవరూ చూడకపోతే ఆ రాత్రి లెక్క పోయినట్టే. ఆర్ రెటిక్యులి దాదాపు 278 రోజులకోసారి పెరిగి తరుగుతుంది. బాగా వెలిగినప్పుడు బైనాక్యులర్‌కు అందుతుంది, తగ్గినప్పుడు పద్నాలుగో మాగ్నిట్యూడ్ దాకా పడిపోతుంది (మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ).

పద్ధతి చాలా సులువు. చుట్టూ వెలుగు తెలిసిన చుక్కలు చార్టులో ఉంటాయి. ఒకటి 6.8, ఇంకోటి 7.4 అనుకోండి. మన చుక్క రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నట్టు కంటికి ఆనితే 7.1 అని రాసుకోవాలి. టైము వేసి, అమెరికాలోని వేరియబుల్ స్టార్ పరిశీలకుల సంఘానికి పంపితే ఎప్పటికీ ఉండిపోయే రికార్డు అవుతుంది. మాగ్నిట్యూడ్ స్కేలు కూడా మనకు పరాయిది కాదు. అయిదు మెట్లకు సరిగ్గా వంద రెట్లు, మెట్టుకు 2.512 రెట్లు అన్న లెక్క ఖాయం చేసింది పాగ్సన్. 1856లో ఇంగ్లండులో ఉండగా చెప్పాడు. తర్వాత 1861లో మద్రాసు వచ్చి, 1891లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. 1863లో యు స్కార్పై అనే నోవాను (ఉన్నట్టుండి భగ్గున వెలిగే చుక్కను) ఇక్కడి నుంచే పట్టాడు. అది ఇప్పటికీ ఉండుండి పేలుతూనే ఉంది, 2010లో ఒకసారి, 2022లో ఒకసారి.

లండన్‌లో కూర్చున్నవాడికి ఆర్ రెటిక్యులి దిగంతం మీదికే రాదు. మద్రాసుకు వస్తుంది. ఆ అనుకూలత మనకు ఇప్పటికీ ఉంది, వాడుకోవడమే లేదు.


ఆరుద్ర
జనవరి 5, సోమవారం రాత్రి

మాస్టారుగారూ, నేను మీ వైపే. కాకపోతే లెక్క ఒకసారి చూద్దాం. ఆ చుక్క ఖగోళ మధ్యరేఖకు 63 డిగ్రీలు దక్షిణాన ఉంది. మనం పదమూడు డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. అంటే నడినెత్తికి కాదు కదా, బాగా ఎక్కినప్పుడు కూడా దిగంతం నుంచి పద్నాలుగు డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు, ఇది దానికన్నా కొంచెం పైన. ఆ ఎత్తులో వెలుగు దాటి రావాల్సిన గాలి నడినెత్తి మీద ఉన్నదానికి నాలుగు రెట్లు. ఒక మాగ్నిట్యూడ్ దాకా గాలే మింగేస్తుంది. పోల్చే చుక్కలు కూడా అదే ఎత్తులో ఉన్నవి తీసుకోకపోతే మన అంచనా తప్పుతుంది.

17న అది దక్షిణాన అతి ఎత్తుకు వచ్చేది రాత్రి తొమ్మిదింటికి. అచ్చెర్నార్ అనే పెద్ద చుక్క నైరుతిలో దిగుతుంటుంది, అగస్త్యుడు ఆగ్నేయంలో ఎక్కుతుంటాడు. వాటి మధ్యన, ఇంకాస్త కిందుగా వెతకాలి.

ఫొటోల సంగతి కూడా. మన ఊళ్ళో ధ్రువనక్షత్రం పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మా ఓఎమ్మార్ అపార్ట్‌మెంట్లలో అది ఎప్పుడూ ఎదుటి బ్లాకు వెనకే. మౌంట్‌ను (ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే స్టాండును) ధ్రువానికి సరిచెయ్యడానికే నా సగం రాత్రి పోతుంది. కొండ మీద ఉత్తరం ఖాళీగా ఉంటే కుర్రాడికీ ఫొటోలు దక్కుతాయి. కాబట్టి కావలూరు.


కొత్త చుక్క
జనవరి 6, మంగళవారం ఉదయం

నమస్కారం అండీ. అంబత్తూరు నుంచి. ఈ బృందంలో కొత్త. మా అబ్బాయి ఏడో తరగతి. సెప్టెంబరులో సంపూర్ణ చంద్రగ్రహణం అప్పుడు పన్నెండింటి దాకా మొట్టమాడి (మేడ) మీదే కూర్చున్నాడు, మబ్బు సందుల్లో ఎర్ర చంద్రుణ్ణి చూసినప్పటి నుంచి టెలిస్కోపు కావాలని ఒకటే గోల. ఆన్‌లైన్లో 675 రెట్లు చూపిస్తుందని ఒకటి అయిదు వేలకు ఉంది. కొనమంటారా?


కోడంబాక్కం కెమెరా
జనవరి 6, మంగళవారం ఉదయం

వద్దమ్మా. పెట్టె మీద ఎన్ని రెట్లని రాశారో చూడకండి, అద్దం ఎంత వెడల్పో అడగండి. అది వెలుగు పట్టే గిన్నె, ఎంత పెద్దదైతే అంత మంచిది. రెట్లు ఐపీస్ (కన్ను ఆనించే గాజు) మారిస్తే పెరుగుతాయి, వెలుగు పెరగదు. అలాంటి సెట్లకు స్టాండు పుల్లల్లా ఉంటుంది, గురుణ్ణి పెట్టి కన్ను ఆనించేసరికి గురుడు పక్కింటికి పోతాడు. పిల్లవాడు రెండు రోజుల్లో విసిగిపోతాడు.

ముందు 10x50 బైనాక్యులర్ కొనండి. చంద్రుడి మీద గుంటలు, గురుడి చందమామలు, కృత్తికలు, ఓరియన్ నెబ్యులా అన్నీ దొరుకుతాయి. ఏడాది తర్వాత కూడా ఆసక్తి ఉంటే ఆరంగుళాలదో ఎనిమిదంగుళాలదో డాబ్సోనియన్ (మామూలు చెక్క స్టాండు మీద చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోపు).

మద్రాసులో కొనేవాళ్ళకు ఇంకో మాట. ఇక్కడ అద్దాన్ని తినేసేది దుమ్ము కాదు, తేమ. రాత్రి చూశాక మంచు పట్టిన అద్దాన్ని వెంటనే మూత పెట్టి లోపల పెడితే నెలలోపు బూజు. ఫ్యాను కింద మూత తీసి ఆరనిచ్చి, తర్వాతే మూత. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు, అవి రంగు మారితే వేయించి మళ్ళీ పెట్టాలి. మా కెమెరా అద్దెల కొట్లో లెన్సులకు చేసేదీ ఇదే. అద్దాన్ని మాత్రం మాటిమాటికీ తుడవకండి, మీ వారి కళ్ళజోడు గుడ్డతో అసలే వద్దు.


కొత్త చుక్క
జనవరి 6, మంగళవారం మధ్యాహ్నం

చాలా థాంక్స్ అన్నా. మా వారి కళ్ళజోడు గుడ్డ దాచేశాను.


సూళ్ళూరుపేట అల్లుడు
జనవరి 12, సోమవారం మధ్యాహ్నం

ఇవాళ పొద్దున 10:18కి పీఎస్ఎల్‌వీ సీ62 పోయింది. లాంచ్ గ్యాలరీలో సీటు దొరికింది. ఎగరడం మామూలుగానే ఎగిరింది, పిల్లలు జెండాలూపారు, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత స్పీకర్లో గొంతు మెల్లగా మారింది. మూడో దశ చివర్లో రాకెట్ దొర్లడం ఎక్కువై దారి తప్పిందట. ఈఓఎస్ ఎన్1 ఉపగ్రహం, దాంతోపాటు పోయిన చిన్న ఉపగ్రహాలు, ఏవీ కక్ష్యకు చేరలేదు.

పోయిన మే 18న సీ61 కూడా మూడో దశలోనే పోయింది. మూడు దశాబ్దాలుగా నమ్ముకున్న బండి. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. మా పక్క సీట్లో ఇంజనీరింగ్ పిల్లలు, వాళ్ళ కాలేజీలో సీనియర్లు చేసిన పేలోడ్ ఏదైనా అందులో ఉందేమో అని అడగాలనిపించి మానేశాను.


లెక్కల మాస్టారు
జనవరి 12, సోమవారం సాయంత్రం

సీ61 అప్పుడు మూడో దశ మోటారు గదిలో ఒత్తిడి పడిపోయిందని చెప్పారు. అది ఘన ఇంధనం దశ. ద్రవ ఇంజన్‌లా మధ్యలో తగ్గించడానికో ఆపడానికో వీలుండదు, ఒకసారి అంటుకుంటే అంతే. రెండూ ఒకే కారణమో వేర్వేరో విచారణ చెప్పాలి. సీ61 నివేదికను బయట పెట్టి ఉంటే మనలాంటివాళ్ళకు ఇవాళ ఊహాగానాల పని ఉండేది కాదు. ఇది నా అభిప్రాయం, కోప్పడేవాళ్ళు కోప్పడండి.


సూళ్ళూరుపేట అల్లుడు
జనవరి 12, సోమవారం రాత్రి

కోపం దేనికి మాస్టారూ. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూడా ఇదే మాట.


కొత్త చుక్క
జనవరి 13, మంగళవారం ఉదయం

మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం అంటున్నారు. మా అత్తగారు పట్టు విడుపు టైములు అడుగుతున్నారు, మా అబ్బాయి ఎన్నింటికి మేడెక్కాలో అడుగుతున్నాడు. ఇంకోటి, ఫిబ్రవరి 28న ఆరు గ్రహాలు వరసలో వస్తాయని ఫార్వర్డ్ వచ్చింది. నిజమేనా?


మేడమీది దుర్భిణి
జనవరి 13, మంగళవారం ఉదయం

అత్తగారికి చెప్పండి, ఇది గ్రస్తోదయం. సంపూర్ణ దశ మన టైములో సాయంత్రం 4:34 నుంచి 5:33 వరకు, అప్పటికి మనకు చంద్రుడు లేవడు. మద్రాసులో ఆరుంబావు దాటాక సముద్రం మీద లేచేసరికే ఒక పక్క కొరికినట్టుంటాడు. 6:48కి విడుపు. అరగంట ఆట. తూర్పు దిగంతం కావాలి కాబట్టి మేడ కన్నా బీసెంట్ నగర్ బీచి మేలు.

28 సంగతి సగం నిజం. సాయంత్రం పడమట బుధుడు, శుక్రుడు, శని బాగా కిందికి, సంధ్య వెలుగులో ఉంటారు. గురుడు పైన హాయిగా కనిపిస్తాడు. యురేనస్, నెప్ట్యూన్ కంటికి ఆనవు. మీవాడికి శుక్రుడు, గురుడు ఖాయం, బుధుణ్ణి పట్టుకుంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యమనండి.

17కు కావలూరు ఖాయం చేశాను. ఆలంగాయం దాటాక తెలిసినవారి మామిడితోట. బండ్లు రెండు. ఎర్ర టార్చి లేనివాళ్ళు మామూలు టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టుకుని రండి. ఫోన్ వెలుగు చూపినవాళ్ళు తిరుగు ప్రయాణంలో డిక్కీలో కూర్చుంటారు.


ఆరుద్ర
జనవరి 19, సోమవారం సాయంత్రం

రాలేనివాళ్ళ కోసం రాస్తున్నాను.

పండగ రద్దీ అనుకున్నాం కానీ పోయేటప్పుడు రోడ్డు ఖాళీ. ఆంబూరులో బిర్యానీ, వాణియంబాడి దగ్గర మలుపు, ఆలంగాయం దాటేసరికి పొద్దు వాలింది. దూరంగా చెట్ల మీదుగా తెల్లటి గోపురం కనిపించింది, 2.3 మీటర్ల వైణు బప్పు టెలిస్కోపు. 1986 నుంచి పని చేస్తోంది. ఆ పేరుగల ఖగోళ శాస్త్రవేత్త బప్పు పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. ఈ కొండల్లో చోటు వెతికి పట్టుకున్నది ఆయనే. పక్కనే ఉన్న ఒక మీటరు టెలిస్కోపు ఇంకా పాతది, 1977లో యురేనస్ ఒక చుక్కకు అడ్డుపోయినప్పుడు వలయాల జాడ పట్టినవాటిలో అదీ ఒకటి. మాస్టారు బండి ఆపించి దిగి నిలబడ్డారు. మేం కూడా దిగాం.

ఏడున్నరకల్లా తోటలో అన్నీ బిగించాం. చలి బాగానే ఉంది. ఎనిమిదికే మంచు మొదలు. ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) గాజు తెల్లబడింది, తుడిస్తే గీత పడుతుంది, కాబట్టి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌ను బండి బ్యాటరీకి తగిలించి దూరం నుంచి వెచ్చటి గాలి కొట్టాం. నిమిషంలో తేటపడింది, పది నిమిషాల్లో మళ్ళీ అదే కథ. రాత్రంతా డ్రయ్యర్ పట్టుకోవడం కుర్రాడి డ్యూటీ. తోట కాపలా ముసలాయన వచ్చి మా యంత్రాలన్నీ చూసి, కృత్తికలను వేలితో చూపించి, మా ఊళ్ళో దాన్ని చూసే పొద్దెంతయిందో చెబుతాం అన్నాడు తమిళంలో. టెలిస్కోపులో గురుణ్ణి చూపిస్తే రెండుసార్లు కన్ను తీసి పైకి చూసుకున్నాడు, లోపలున్నదీ బయటున్నదీ ఒకటేనా అని.

ఇక రఘునాథాచారిగారి చుక్క. తోట దక్షిణాన గట్టు ఉందని పగలు గమనించాం, అంత ఎత్తు కాదులే అనుకున్నాం. తొమ్మిదింటికి చూస్తే గట్టు మీద పొగమంచు, దాని వెనక ఏదో ఊరి వెలుగు. పదిహేను డిగ్రీల కింద ఉన్నదంతా పాలు కలిపినట్టు తెల్లగా. అగస్త్యుడు మెరుస్తున్నాడు, అచ్చెర్నార్ ఉంది, వాటి కింద చార్టులో ఉన్న చుక్కల్లో ఒకటీ అరా తప్ప ఏదీ నమ్మకంగా దొరకలేదు. పది అంగుళాల డాబ్సోనియన్లో నేనొక మినుకును పట్టుకుని ఇదే అన్నాను. మాస్టారు చూసి, పక్క చుక్కలతో త్రిభుజం కుదరలేదని, కుదరనిదాన్ని రాయకూడదని పుస్తకం మూసేశారు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

తెల్లవారుజామున నాలుగున్నరకు త్రిశంకు (సదరన్ క్రాస్) నిటారుగా నిలబడింది. దాని ఎడమ పక్కన ఒమేగా సెంటారి అనే చుక్కల గుత్తి, బైనాక్యులర్లో మసక బంతి, డాబ్సోనియన్లో పెట్టగానే పొడిపొడిగా విడిపోయి అంచుల్లో విడి చుక్కలు. కుర్రాడు అప్పుడు మాత్రం కెమెరా వదిలేసి కన్ను పెట్టాడు. ఎంతసేపటికీ లేవడే!


ఈసీఆర్ కుర్రాడు
జనవరి 19, సోమవారం రాత్రి

ఒప్పుకుంటాను, ఒమేగా సెంటారి ఫొటోలో కన్నా కంటికే బాగుంది. డ్రయ్యర్ పట్టుకున్న చెయ్యి ఇంకా నొప్పి.

మాస్టారూ, మీ చుక్క గురించి ఆలోచించాను. కొండ మీద చీకటి ఉంది, దిగంతం లేదు. మీకు కావాల్సింది దక్షిణం వైపు చదునైన నేల, మద్రాసు వెలుగు వీపు వెనక ఉండాలి. మహాబలిపురం, కల్పాక్కం దాటి ఈసీఆర్‌లో (సముద్రతీరం వెంబడి రోడ్డులో) ఇంకా కిందికి పోతే చెయ్యూరు వైపు ఉప్పుమళ్ళు ఉన్నాయి. చెట్టు లేదు, కొండ లేదు. నిన్న మధ్యాహ్నం నిద్ర లేచి బైకు మీద పోయి చూసొచ్చాను. దక్షిణాన నేల గీత దాకా ఆకాశమే. మరక్కాణం దాకా పోతే పుదుచ్చేరి వెలుగు తగులుతుంది, అంత దూరం వద్దు.


కోడంబాక్కం కెమెరా
జనవరి 19, సోమవారం రాత్రి

సముద్రం పక్కన తేమ ఇంకా ఎక్కువ తమ్ముడూ. ఉప్పు గాలి కూడా. నా మౌంట్ తీసుకురాను.


ఈసీఆర్ కుర్రాడు
జనవరి 19, సోమవారం రాత్రి

మౌంట్ వద్దన్నా. బైనాక్యులర్, డాబ్సోనియన్, ఇంకో డ్రయ్యర్ చాలు. ఈసారి డ్యూటీ మీది.


లెక్కల మాస్టారు
జనవరి 20, మంగళవారం ఉదయం

కుర్రాడా, నువ్వు బైకు మీద పోయి దిగంతం చూసి వచ్చావంటే నాకు చుక్క కనిపించినంత పనైంది. చేసిన లెక్క ఇది. ఫిబ్రవరి అమావాస్య 17. అంతకు రెండు రోజుల ముందు, 15 ఆదివారం, శివరాత్రి. అప్పటికి ఆర్ రెటిక్యులి ఏడుంబావు లోపే అతి ఎత్తుకు వచ్చేస్తుంది, చీకటి చిక్కబడేది కూడా అప్పుడే. మనకు దొరికేది గంట, గంటన్నర. అంటే ఆరింటికల్లా అక్కడ డాబ్సోనియన్ బిగించి ఉండాలి. తర్వాత రాత్రంతా మీ ఇష్టం, ఎలాగూ జాగారం.

వెళ్ళేముందు ఆ చుక్క ఇప్పుడు ఏ దశలో ఉందో పరిశీలకుల సంఘం పటంలో చూసుకుందాం. మరీ తగ్గి ఉంటే పది అంగుళాలు కూడా చాలవు. అప్పుడు ఊరికే చోటు చూసి, మళ్ళీ పెరిగేదాకా ఆగుదాం.


సూళ్ళూరుపేట అల్లుడు
జనవరి 20, మంగళవారం ఉదయం

శివరాత్రికి మా అత్తగారు శ్రీకాళహస్తి అంటున్నారు. ఉపవాసం ఉండి ఉప్పుమళ్ళలో కూర్చుంటాను అంటే ఏమంటారో! సోమవారం ఆఫీసు కూడా ఉంది.


మేడమీది దుర్భిణి
జనవరి 20, మంగళవారం మధ్యాహ్నం

శివరాత్రి ఖాయం. కాళహస్తి పోయేవాళ్ళు మా తరఫున దణ్ణం పెట్టండి.

ఇంకో సంగతి. మాస్టారు ఎప్పటి నుంచో అడుగుతున్న నుంగంబాక్కం స్తంభం. కాలేజీ రోడ్డులో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. 1792లో కట్టిన అబ్జర్వేటరీలో టెలిస్కోపును మోసిన రాతి స్తంభం అది, భవనం పోయినా అది మిగిలింది. దాని మీద తమిళంతోపాటు మన తెలుగులో కూడా శాసనం చెక్కించారు. రఘునాథాచారిగారు రోజూ దాని పక్కనుంచే నడిచి ఉంటారు. లోపలికి పోవడానికి అనుమతి కోసం ఉత్తరం రాస్తున్నాను. వచ్చేవాళ్ళు ఆదివారంలోగా పేర్లివ్వండి, గేటు దగ్గర చూపించడానికి ఆధార్ తెచ్చుకోండి. వారం మధ్యలో పెడతారు, సెలవు పెట్టుకోగలిగినవాళ్ళే చెప్పండి.


ఆరుద్ర
జనవరి 20, మంగళవారం సాయంత్రం

నేను వస్తాను. అక్షరాలు బాగా అరిగిపోయి ఉంటాయి. పక్కనుంచి వెలుగు పడేలా ఒక టార్చి తెస్తాను, ఫొటోలో చదవడానికి వీలవుతుంది. ఈసారి ఎర్ర కాగితం అక్కర్లేదు కదా?


కొత్త చుక్క
జనవరి 20, మంగళవారం రాత్రి

మేమిద్దరం వస్తామండీ, బడికి సెలవు చీటీ రాసిస్తాను. మావాడి ఆధార్‌లో ఫొటో చంటిపిల్లాడప్పటిది, గేటు దగ్గర ఒప్పుకుంటారా?


మేడమీది దుర్భిణి
జనవరి 20, మంగళవారం రాత్రి

స్కూలు ఐడీ కూడా తీసుకురండి. అడిగి చెబుతాను.